అక్క దరఖాస్తు

తొంభైల మొదట్లో నేను మద్రాసు జార్జి టౌన్‌లో ఒక ఆడిటర్ దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. కింద కాగితాల హోల్‌సేల్ దుకాణం, పైన మా రెండు గదులు. ఆఫీసంటే ఆడిటర్‌గారు, నేను, నాకంటే చాలా ముందు చేరిన ఒకావిడ. వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల వాళ్లిల్లు. మొదటి రోజు నుంచీ ఆమెను అక్కా అనే పిలిచాను.

నాకు పని నేర్పింది అక్కే. బ్యాంకు లెక్కకూ దుకాణం పుస్తకానికీ తేడా వస్తే నేను పేజీలన్నీ మొదటి నుంచి మళ్లీ కూడేవాణ్ణి. ఆమె నా చేతిలోని పెన్సిలు తీసుకుని, "తేడా తొమ్మిదితో బాగిస్తే మిగలకుండా తెగిందంటే రెండు అంకెలు ఈడిది ఆడ, ఆడిది ఈడ పడుండాయని. ఆ చోటు ఎతుకు సాలు" అనేది. ఎప్పుడూ విసుక్కోలేదు.

తర్వాత మా మేనమామ ఎవరినో పట్టుకుని నన్ను ఒక పెద్ద విదేశీ బ్యాంకులో తాత్కాలికంగా చేర్పించాడు. పాత ఖాతాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాక, అచ్చయిన కాగితాలు పాత పుస్తకాలతో సరిపోయాయా లేదా అని చూడటమే నా పని. చదవడం వచ్చిన ఎవరైనా చేయగలరు. దీపావళి దాటాక చేరి, మరుసటి ఏడాది జూలైలో, ఆడి మాసం మొదట్లో బయటికి వచ్చాను. మెడలో కార్డు వేసుకుని బస్సెక్కితే మాత్రం తెలిసినవాళ్లు లేచి సీటిచ్చేవారు.

కొత్త ఉద్యోగం కోసం బయోడేటా టైపు చేయించడానికి ఒక కొట్టుకు వెళ్తే, ఆ కొట్టతను నా కాగితం చదివి తమిళంలో సలహా ఇచ్చాడు. బ్యాంకు పేరు అన్నిటికన్నా పైన పెట్టమన్నాడు. నెలలు రాయొద్దు, సంవత్సరాలు మాత్రం రాయండి అన్నాడు. అలా రాస్తే ఎనిమిది నెలలు రెండేళ్లలా కనిపించాయి. ఈ ఆడిటర్ ఎందుకు, ఎవరికి తెలుసు అని కూడా అడిగాడు. నేను కాసేపు ఆలోచించి, కొట్టేయమన్నాను. నాలుగేళ్లు ఒక్క గీతతో పోయాయి.

మౌంట్ రోడ్డులోని ఒక ఫైనాన్సు కంపెనీ వెంటనే పిలిచింది. ఇంటర్వ్యూలో కూర్చున్న ముగ్గురిలో ఒక్కరూ లెక్కల గురించి అడగలేదు. బ్యాంకులో ఏ అంతస్తు, మేనేజరు ఎలాంటివాడు అని అడిగి నవ్వుకున్నారు. ఉద్యోగం ఇచ్చేశారు. ఆ సీట్లో నేను నెగ్గుకొచ్చింది అక్క నేర్పిన పనితోనే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్లకు మా విభాగంలో ఒక ఖాళీ వచ్చింది. పేపర్లో ప్రకటన చూసి అక్క మా ఇంటికి వచ్చింది. "నువ్వు ఆడ ఉండావు గదా తమ్ముడూ, అందుకే ధైర్యంగా ఏస్తా ఉండా. సిఫారసేం వొద్దు. నా పని నీకు తెలుసు, అడిగితే చెప్పు, అంతే" అంది. తప్పకుండా చెప్తానన్నాను. మా అమ్మ ఆమెకు కాఫీ ఇచ్చింది.

దరఖాస్తుల కట్ట నా బల్ల మీదికే వచ్చింది. పెద్ద పేర్లున్నవి ఒక పక్కకు తీయమని మా మేనేజరు చెప్పాడు. అక్క దరఖాస్తు చేత్తో రాసినది, ముత్యాల్లాంటి అక్షరాలు. నేను దాన్ని పెద్ద పేర్ల కట్టలోనే అడుగున పెట్టాను. ఆయన తిరగేస్తూ అక్కడ ఆగాడు.

"ఈ ఆడిటర్ ఎవరు? మీరు ఆ వైపువాళ్లే కదా, ఎప్పుడైనా విన్నారా?"

విన్నానంటే, ఎలా తెలుసని అడుగుతాడు. అక్కడ పనిచేశానంటే నా బయోడేటా తీసి చూస్తాడు. ఇదంతా ఒక్క క్షణంలో నా తలలో తిరిగింది.

"లేదు సార్" అన్నాను.

ఆయన కాగితాన్ని అవతలి కట్టలో వేసి తర్వాతిది తీశాడు.

పేరున్న కంపెనీలో ఆరు నెలలు ఉండి వచ్చిన ఒకతన్ని తీసుకున్నారు. మంచివాడే, కానీ తేడా పట్టుకోవడం రాదు. తొమ్మిది లెక్క నేనే నేర్పాను. నేర్పుతున్నప్పుడు నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

ఆ తర్వాత అక్క బస్టాపులో కనిపించింది. పిలుపు రాలేదంది. దరఖాస్తులు చాలా వచ్చాయన్నాను. "సరి, పోనీలే. నువ్వు మనసులో పెట్టుకోవాక" అని నన్నే ఓదార్చింది.

దశాబ్దం చివర్లో మా కంపెనీ మూతపడింది. నాకు నెలలోపే ఇంకో చోట దొరికింది. అక్కడా ఆ బ్యాంకు పేరు చూసే పిలిచారు. చేరే ముందు ఒక ఆదివారం అక్కను చూడటానికి వెళ్లాను. ఆడిటర్‌గారు పని మానేశారు. ఆమె ఇంట్లోనే రెండు మూడు దుకాణాల లెక్కలు రాస్తోంది. ఏదీ దాచకుండా చెప్పాను. టైపు కొట్టు నుంచి "లేదు సార్" దాకా.

ఆమె పుస్తకం మూసి, "నా దరకాస్తులో తప్పేమైనా ఉండిందా?" అని అడిగింది.

"లేదక్కా."

"రాసేదాంట్లో కూడా?"

"ఏదీ లేదు."

"ఇన్ని దినాలూ అదే అనుకుంటా ఉంటి. ఏదో తప్పు రాసుంటాననే, ఆ తర్వాత యాడా ఏయలేదు" అంది.

ఆ మాట నేను ఊహించలేదు. తిడుతుందనీ, లేదంటే పోనీలే అంటుందనీ రెండింటికీ సిద్ధపడి వెళ్లాను. ఎన్ని చోట్ల వేయకుండా ఊరుకున్నావని అడగడానికి నోరు రాలేదు. ఆమె మళ్లీ పుస్తకం తెరిచి, ఎక్కడ ఆపిందో వేలితో వెతుక్కోసాగింది. నేను లేచి, వస్తానక్కా అన్నాను. తలెత్తకుండానే ఊఁ అంది.