లెక్కకు రాని జనం

ఆ క్లబ్బులో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. గోల్‌కీపరు దగ్గర్నుంచి బందోబస్తుకు వచ్చే పోలీసుల దాకా అందరికీ ఆవిడ టిక్కెట్టక్కే. మూడో డివిజన్‌లో ఆడే చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు అది. గ్రౌండు ప్రహరీలో చెయ్యి పట్టేంత కన్నం, దానికి ఇనుప చువ్వలు, వెనక ఒక ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద ఇరవై రెండేళ్లు కూర్చుని టిక్కెట్లు చింపి ఇచ్చింది. కన్నంలోంచి మొహాలు సరిగా కనబడవు కాబట్టి చేతుల్ని బట్టి మనుషుల్ని గుర్తుపట్టేది. గోళ్ల కింద గ్రీజు ఉంటే గ్యారేజీ అతను, తూర్పు స్టాండు. వేళ్ల నిండా కాలిన మచ్చలుంటే తలెత్తకుండానే, "మళ్లీ ఆలస్యమేనా? పరిగెత్తు" అనేది. ఆ చెయ్యి సొంత అన్నయ్యది.

అన్నయ్య వెల్డింగు పని మానేసి ఆరేళ్లయింది. ఇంట్లో నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడడు. వారమంతా దాచుకున్న అరుపులన్నీ శనివారం రెఫరీ మీద కుమ్మరించి హాయిగా ఇంటికి వెళ్లేవాడు.

కొత్త మేనేజరు వచ్చాక అదంతా మారింది. ముప్పై నిండని కుర్రాడు, చెడ్డవాడు కాడు. గడ్డి కోసే మెషిను చెడిపోతే తనే కింద పడుకుని బాగుచేసేవాడు. గోడ దూకేవాళ్లు, పాసుల పేరుతో ఊరికే వచ్చి కూర్చునే కమిటీ చుట్టాలు, ఎవరూ నమ్మని హాజరు అంకెలు చూసి అతనికి తల తిరిగిపోయింది. అదే సమయానికి లీగు వాళ్లు కొత్త నిబంధన తెచ్చారు. గేటు దగ్గర స్కాన్ అయిన టిక్కెట్టునే హాజరుగా లెక్కిస్తారు. సీజన్ మొత్తం మీద సగటున ఆరువందల మంది రాని క్లబ్బు కింది లీగుకు దిగిపోవాలి.

మేనేజరు కన్నానికి చెక్క కొట్టించేశాడు. టిక్కెట్లు ఇక ఫోన్లోనే, అదీ ముందు రోజు సాయంత్రం లోపు. టిక్కెట్టక్క చేతికి స్కానర్ ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టాడు.

ఆవిడ ఈ సంగతి చెప్పగానే అన్నయ్య కంచం ముందు నుంచి లేచాడు.

"ముందు రోజే కొనాలా? పొద్దున్న లేచాక మోకాళ్లు సహకరిస్తే వస్తాను నేను. శనివారం మోకాళ్ల సంగతి శుక్రవారం నాకెలా తెలుస్తుంది?"

"నా ఫోన్లో కొనిపెడతాలే అన్నయ్యా."

"నీ ఫోన్లోంచి దూరి రావాలా నేను? ఆ కన్నం తెరిచిన రోజు చెప్పు చిన్నీ, వస్తాను."

పౌరుషంగా చెప్పి చెయ్యి కడుక్కున్నాడు. నిజంగానే రావడం మానేశాడు.

అతనొక్కడే కాదు. సీజన్ మొదటి మ్యాచికి ఏడువందల మంది వచ్చారు. నాలుగో మ్యాచికి ఐదువందలు. ఎనిమిదో మ్యాచి నాటికి తూర్పు స్టాండులో దగ్గితే పడమటి స్టాండులో వినిపించేది. గ్రీజు గోళ్ల గ్యారేజీ అతను ఒకసారి గేటు దాకా వచ్చి, స్కానర్ వంక చూసి, "ఇప్పుడే పని తెమిలిందక్కా, నిన్న కొనడం కుదర్లేదు" అని వెనక్కి వెళ్లిపోయాడు.

తట్టుకోలేక ఒకరోజు మేనేజరు గదిలోకి వెళ్లింది.

"సార్, మన ఆటకొచ్చేవాళ్లు వారం ముందు అనుకుని వచ్చేవాళ్లు కారు. డ్యూటీ దిగాక, వాన తగ్గాక, ఇంట్లో మాటా మాటా వచ్చాక అలా నడుచుకుంటూ వచ్చేస్తారు. ఒక్క కన్నం తెరవండి చాలు."

అతను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు నులుముకున్నాడు. "చేతి టిక్కెట్టు లీగు లెక్కలోకి రాదక్కా. తెరిచి ఏం లాభం? కొంచెం ఓపిక పట్టండి, జనమే అలవాటు పడతారు."

పదో మ్యాచి అయ్యేసరికి లెక్క తేలింది. క్లబ్బు నిలబడాలంటే ఆఖరి మ్యాచికి పదిహేనువందల మంది స్కాన్ కావాలి. మేనేజరు ఆ మ్యాచిని అందరికీ ఉచితం చేశాడు. ఫోన్లో పేరు నమోదు చేసుకుంటే చాలు, ఆట మొదలయ్యే క్షణం వరకూ చేసుకోవచ్చు. చూస్తుండగానే మూడువేల పేర్లు ఎక్కాయి. అన్నయ్య టిక్కెట్టును టిక్కెట్టక్క కాగితం మీద అచ్చు వేయించి పట్టుకెళ్లింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "క్లబ్బే పోతుందంటే పంతం దేనికిలే" అని జేబులో పెట్టుకున్నాడు.

మ్యాచి నాలుగింటికి. గేటుకు దారి ఒకటే సందు. ఒక పక్క గ్రౌండు ప్రహరీ, రెండో పక్క గోదాము వెనక గోడ, మధ్యలో పన్నెండడుగులు. పైనుంచి గేటు వైపు పల్లంగా ఉంటుంది. మూడున్నరకే సందు నిండిపోయింది. ఎన్నాళ్ల తరవాతో చూసిన జనం. టిక్కెట్టక్క, ఇంకొక గేటు మనిషి రెండు స్కానర్లతో ఊపిరి సలపకుండా పనిచేశారు. మేనేజరు వాకీటాకీలో అంకెలు చెబుతున్నాడు. ఎనిమిదివందలు. తొమ్మిదివందల యాభై. గొంతులో సంతోషం తెలిసిపోతోంది.

నాలుగింటికి పది నిమిషాలుండగా స్కానర్ల మీద చక్రం తిరగడం మొదలైంది. అన్ని ఫోన్లు ఒక్కచోట చేరేసరికి సిగ్నల్ మందగించింది. ఒక్కో టిక్కెట్టుకు అర నిమిషం, తరవాత నిమిషం. నాలుగు కావస్తుండగా రెండు స్కానర్లూ పూర్తిగా ఆగిపోయాయి.

"స్కాన్ కానిదే ఒక్కర్ని కూడా పంపొద్దు," వాకీటాకీ అంది. "పదకొండువందల ఎనభై ఎనిమిదయ్యారు. ఇంకా మూడువందల పన్నెండు కావాలి."

లోపల విజిల్ వినిపించింది. మూడో నిమిషంలోనే గోల్ పడింది. స్టాండ్లు ఒక్కసారిగా హోరెత్తాయి. ఆ కేక విని సందు పై చివరనున్నవాళ్లు ఏదో పోగొట్టుకుంటున్నట్టు ముందుకు తోశారు.

టిక్కెట్టక్క ముందు గమనించింది చప్పుడునే. అంతదాకా సందులో తిట్లున్నాయి, జోకులున్నాయి, "ఏమ్మా, మిషను నిద్రపోయిందా" అన్న వెక్కిరింతలున్నాయి. ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ తరవాత వినిపించినవి మూలుగులే. గేటు చువ్వలకు అతుక్కుపోయిన ముందు వరసలో అన్నయ్య మొహం కనబడింది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"చిన్నీ," అన్నాడు మెల్లగా. గట్టిగా అనడానికి ఊపిరి లేదు. "వెనక్కి జరగడానికి లేదు. ఈవిడ కాళ్లు నేలకు ఆనట్లేదు."

అతని పక్కనున్న స్త్రీ మెడ ఒక వైపు వాలిపోయి ఉంది.

ఒక్కొక్కరే తోసుకుని రావాల్సిన, గుండ్రంగా తిరిగే ఇనుప గేటు అది. తాళం తీసినా నిమిషానికి పదిమందికి మించి రారు. కానీ అదే ప్రహరీకి ముప్పై అడుగుల ఎగువన, సందు నడిమధ్యకు తెరుచుకునే లారీ గేటు ఉంది. మట్టి తెచ్చే లారీల కోసం పెట్టినది, పక్కకు జరిగే రకం. టిక్కెట్టక్క స్కానర్ కింద పడేసి పాత టిక్కెట్ల గదిలోకి పరిగెత్తింది. మేకుకున్న తాళాల గుత్తి లాక్కుని లారీ గేటు చేరేసరికి మేనేజరు ఎదురొచ్చాడు.

"అక్కా, ఆగండి! రెండు నిమిషాల్లో సిగ్నల్ వస్తుందన్నారు. ఇటునుంచి వచ్చినవాళ్లు ఒక్కరూ లెక్కలోకి రారు. ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసినట్టే!"

"సార్, ఒక్కసారి ఆ గోడకు చెవి పెట్టి వినండి."

"అక్కా, నా మాట..."

"ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినండి సార్!"

అతను విన్నాడు. అప్పటికే ఆవిడ తాళం తీసేసింది. అవతలి నుంచి జనం ఆనుకుని ఉండటంతో గేటు కదలలేదు. రెండు చేతులా పట్టి లాగింది. అరిచేయి చీలి నెత్తురొచ్చింది. అప్పుడు మేనేజరు వాకీటాకీ విసిరేసి గేటుకు భుజం ఆనించాడు. గేటు జానెడు జరిగింది, మూరెడు జరిగింది, ఆ తరవాత గట్టు తెగినట్టు జనం లోపలికి పడ్డారు. కొందరు గడ్డి మీదే వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ ఊపిరి తీసుకున్నారు. గ్యారేజీ అతను ఒక ముసలాయన్ని భుజాన వేసుకుని వచ్చాడు. ఎంతమంది వచ్చారో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఎవరి ప్రాణమూ పోలేదు. అన్నయ్య పక్కనున్నావిడకు రెండు పక్కటెముకలు విరిగాయి. అన్నయ్యకు మెడ కింద ఎముక విరిగింది. గడ్డి మీద కూర్చుని, చెయ్యి వేలాడేసుకుని, "గోల్ ఎవరు కొట్టారు?" అని అడిగాడు. టిక్కెట్టక్క అప్పుడు ఏడ్చింది.

పది రోజులకు లీగు విచారణ జరిగింది. బల్ల వెనక ముగ్గురు. గేటు ఎవరి అనుమతితో తెరిచావని అడిగారు.

"ఎవర్నీ అడగలేదండి. వద్దన్నా తీశాను."

ఎంతమందిని వదిలావని అడిగారు.

"బతికున్నవాళ్లందర్నీ."

మధ్యలో కూర్చున్నాయన కలం కింద పెట్టాడు. గది చివరనున్న మేనేజరు లేచి నిలబడ్డాడు. "మొదట తెరవొద్దన్నది నేనే. ఆ తరవాత గేటు తోసింది కూడా నేనే. తప్పేదైనా ఉంటే ఇద్దరి పేర్లూ రాయండి."

శిక్ష వెయ్యలేదు, నిబంధన మాత్రం సడలించలేదు. మూడువందల పన్నెండు మంది తక్కువయ్యారు కాబట్టి క్లబ్బు కింది లీగుకు దిగింది. ఆ వేసవంతా టిక్కెట్టక్క తల వంచుకునే నడిచింది. రొట్టెల కొట్టు దగ్గర ఒకతను మొహం మీదే అనేశాడు, "ఇంకో రెండు నిమిషాలు ఆగుంటే మూడో డివిజన్‌లోనే ఉండేవాళ్లం." ఆవిడ రొట్టె తీసుకుని వచ్చేసింది. నిజంగా సిగ్నల్ వచ్చేదేమోనన్న ఆలోచన చాలా రోజులు ఆవిడను పీడించింది. ఆ సంగతి అన్నయ్యతో కూడా అనలేదు.

కింది లీగులో స్కానర్ల గొడవ లేదు. కొత్త సీజన్‌కు వారం ముందు మేనేజరు ఇంటికొచ్చాడు. కన్నం తెరుస్తున్నామని, మళ్లీ వచ్చి కూర్చోమని అడిగాడు.

"వస్తాను సార్. కానీ జనం సందు దాటేదాకా లారీ గేటుకు తాళం ఉండకూడదు. ఊరికే వచ్చేవాళ్లు నలుగురు వస్తే రానివ్వండి."

అతను ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. కాఫీ చల్లారిపోయింది. చివరికి, "గేటు దగ్గర ఒక మనిషిని పెడతాను, తాళం వెయ్యను" అన్నాడు.

మొదటి శనివారం ఐదువందల నలభై టిక్కెట్లు తెగాయి. లారీ గేటు దగ్గర పెట్టిన మనిషి అన్నయ్యే. మెడలో కట్టు ఇంకా విప్పలేదు. లోపల రెఫరీని తిట్టే అవకాశం పోయిందని ఆట అయ్యేదాకా గొణుగుతూనే ఉన్నాడు.