చెవులున్న గబ్బిలం

నూకాలమ్మ బొటనవేలి మీద కత్తెర రాపిడికి కాయ కాసింది. బర్మాలో, యాంగోన్ చైనా వీధిలోని ఓ దుకాణంలో ఎర్రకాగితం మడిచి చేపలూ గబ్బిలాలూ కత్తిరించడం ఆమె పని. చీనావాళ్ళకి చేప సమృద్ధి, గబ్బిలం అదృష్టం. సాయంత్రం బస్సులో కునికిపాట్లు పడుతున్నా ఆమె వేళ్ళు కాగితం మడుస్తూనే ఉంటాయి.

మేనకోడలి పెళ్ళికి, మిగిలిన ఓపికంతా పెట్టి, పందిరి నిండా గబ్బిలాలే కట్టింది. పెళ్ళికొడుకు తల్లి తాయారమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటొదినా ఇది! పెళ్ళింట గబ్బిలాలేటి? కొంప పాడుబడాలనా? ఇవుంటే నా కొడుకు లోపలికి రాడు."

"గబ్బిలాలని ఎవలన్నారొదినా? సీతాకోకసిలకలు. సెవులు కత్తిరించడం మర్సిపోనాను, అంతే," అంది నూకాలమ్మ, రాబోయే ఆవులింతను దిగమింగుకుని.

స్టూలెక్కి ఒక్కొక్కదాని చెవులూ కత్తిరించింది. తాయారమ్మ కింద నిలబడి, "అదిగో, ఆ మూలది!" అంటూ అన్నీ చూపించి, తృప్తిపడి, కొడుకుని పిలవడానికి వెళ్ళింది.

ఆఖరిదాని చెవులు కొయ్యడానికి మాత్రం నూకాలమ్మకి చేతులు రాలేదు. దాన్ని పెళ్ళికూతురి పీట అడుగున అంటించి, స్తంభానికి చేరగిలబడింది. తాళి కట్టేవేళకి మేళం హోరెత్తినా ఆమె లేవలేదు. నిద్రలో వేళ్ళు మాత్రం కాగితం మడుస్తూనే ఉన్నాయి.