సముద్రం కనపడని ఉదయం

మాది నాగాయలంక దగ్గర చేపల వేట మీద బతికే ఊరండీ. నేను జర్మనీలో, హాంబర్గ్‌లో చదువుకుంటున్నాను. చేరిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున రూమ్మేట్ లీనాతో రైలెక్కి బీచ్‌కి వెళ్ళాను.

అక్కడ సముద్రం లేదు! కనుచూపు మేర తడి బురద, దాని మీద పొగమంచు. కెరటాల చప్పుడు కూడా లేదు. లీనా నవ్వుతూ బురదలోకి దిగింది. వెనకే నేనూ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని దిగాను. పది అడుగులు వేశానో లేదో, టక్కున ఆగిపోయాను.

"సముద్రం వెనక్కెళ్తే చూస్తూ నిలబడకు, పరుగెత్తు" అని మామ్మ నాకు వందసార్లు చెప్పింది. చిన్నతనంలో ఉప్పెనకి చెల్లెల్ని పోగొట్టుకుందావిడ. ఆ చెల్లెలి పేరు మాత్రం ఎప్పుడూ ఎత్తదు.

"ఉప్పెన!" అని తెలుగులోనే అరుస్తూ, బూట్లు వదిలేసి గట్టెక్కేశాను. జనం వింతగా చూశారు. అక్కడ ఆటుపోట్లకి రోజూ నీళ్ళు అలాగే మైళ్ళ దూరం వెళ్ళి, మళ్ళీ వస్తాయట. కాసేపటికి లీనా నా బూట్లు పట్టుకుని పొగమంచులోంచి వచ్చింది.

రూముకొచ్చాక మామ్మకి ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"పరుగెత్తేటప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నావా?" అనడిగింది.

పట్టుకోలేదండీ. అసలు గుర్తే రాలేదు.

మామ్మ తన చెల్లెలి పేరు ఎందుకు ఎత్తదో నాకు ఆ రోజు తెలిసింది.