సారుకు దొరకని సెలవు

కరీంనగర్ రాత్రి కళాశాలలో నాకు కంప్యూటర్ విద్య నేర్పిన మా సార్ మొన్న సోమవారం ఉదయం కన్నుమూశారు. ఆయన కూతురు ఫోన్ చేసి, "అన్నా, బాపు పోయిండు" అన్నది. ఆ వెంటనే, "దుకాణంల గూడ చెప్పు" అన్నది.

పగలంతా సార్ ఒక నూలు దుకాణంలో పనిచేసేవారు. అక్కడి బిల్లుల ప్రోగ్రామ్‌ను యౌవనంలో ఆయనే రాశారు. నల్లని తెర, తెల్లని అక్షరాలు. నేను పట్టా అందుకున్నాక నన్ను అక్కడే తనకు సహాయకుడిగా పెట్టించారు. "డిగ్రీ మనిషివి, జర కుర్చీల సక్కగ కూసో" అని ఆటపట్టించేవారు. ఆ కుర్చీ గౌరవం ఆయన ఇచ్చినదే.

లక్సెట్టిపేటలో కూతురి దగ్గర, గోదావరి ఒడ్డున ఉండాలన్నది ఆయన కోరిక. సెలవు అడిగినప్పుడల్లా యజమాని సేటుది ఒకటే మాట: "ఫోన్ల వచ్చే పైసలు మన బిల్లులకు జతపడనియ్యుండ్రి సారూ, అటెన్క పోండ్రి."

ఆ పాత ప్రోగ్రామ్‌కు ఇంటర్నెట్ తెలియదు. మొత్తం తిరగరాద్దామని నేను తొందరపడితే సార్ వారించారు. "పాత గోడకు మేకు కొట్టకు. పక్కన గుంజ పాతు." చెల్లింపుల కంపెనీతో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్‌ను నాతో విడిగా రాయించారు. వచ్చిన చెల్లింపును అది ఒక ఫైలులో పెడుతుంది. పాతది ఆ ఫైలు చదువుకుంటుంది.

అయినా బిల్లులు జతపడలేదు. మేము చెల్లింపును, డబ్బు కట్టినవారి పేరు చూసి బిల్లుకు జత చేశాం. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవారు నూలు తీసుకుపోతే, మహారాష్ట్రలోని భివండికి వలసపోయిన తమ్ముడో బావమరిదో ఫోన్‌లో కట్టేవాడు.

"తీస్కున్నోడు ఒగడు, కట్టినోడు ఒగడు. మన దిక్కు గంతే గద" అని సార్ నవ్వారు. ప్రతి బిల్లుకూ వేరే చెల్లింపు లింకు వెళ్లేలా మార్పించారు. ఇక ఎవరు కట్టినా ఆ బిల్లు నంబరే తిరిగి వచ్చేది.

ఆ రోజు సేటు మిఠాయి పంచాడు. సార్ సెలవు అడిగారు.

"ఇప్పుడెట్ల పోతరు సారూ? గా కొత్తది గూడ మీకే ఎర్క."

"నేను కట్టిన కొట్టంల నన్నే కట్టేసిండ్రు" అన్నారు సార్. అందరూ నవ్వారు. ఆయన మళ్లీ సెలవు అడగలేదు.

అస్థికలు కలపడానికి లక్సెట్టిపేట వెళ్లాం. బూడిద కలిపి ఇంకా నీళ్లలో నిలబడి ఉండగా నా ఫోన్ మోగింది. దుకాణం గుమాస్తా.

"కంప్యూటర్ల బిల్లు దిగుతలేదన్నా. సారు లేకపాయె, ఇగ నువ్వే చెప్పాలె."

తడి బట్టలతో ఒడ్డుకు వచ్చి, ఏ మీట నొక్కాలో చెబుతూ నిలబడ్డాను. ఎదురుగా బూడిద నీటిమీద కాసేపు ఆగి, ఎవరినీ అడగకుండా దిగువకు సాగిపోయింది.