పసుపు గుడ్డలో తుపాకి బోల్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా కోపిష్టిని నేనే. ఆడపిల్లకి అంత కోపమైతే ఎట్లా అని ఇంటికొచ్చిన వాళ్లంతా అనిపోయేవాళ్లు. మా అవ్వ మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఇప్పటికీ పొద్దున దీపం పెట్టినప్పుడు సామి తర్వాత ఆమెకే దండం పెట్టుకుంటాను.

మాది తిరుత్తణి పక్క, పాండూరు దగ్గర చిన్న పల్లె. బళ్లో అంతా అరవమే, ఇంటి మాట మరిచిపోతానని అవ్వే నన్ను ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు చదివించింది. ముందు ఇసకలో అక్షరాలు, తర్వాత పలక, తర్వాత చినిగిపోయిన భజన పుస్తకం. మనసులో చదువుకుంటే ఒప్పుకునేది కాదు. "నోరు తెరిచి చదువు మే. నీ మాట నీ చెవికి వినపడాల" అనేది. నాకు అది పెద్ద చాదస్తంగా ఉండేది.

మా చిన్నాయన అంబత్తూరు పక్క ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. డెబ్బైల చివర్లో అడవిపందులు వచ్చి మా చెనిక్కాయ చేను తవ్వి పారేస్తుంటే, ఆయన తుపాకి లైసెన్సు కోసం తిరిగి తిరిగి తెచ్చుకున్నాడు. గొట్టమూ బోల్టూ మద్రాసులో ఆ లైసెన్సు చూపించి కొన్న పాత సామాను. భుజానికి ఆనించే చెక్క పుచ్చిపోయి ఉండింది. కొత్త చెక్క తానే చేసుకుంటానని, పడిపోయిన మా పాత ఇంటి టేకు దూలం ముక్క ఎత్తుకొచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా అదే పని. చెక్కడం, గరుకు ఉప్పుకాయితంతో రుద్దడం, అవిసె నూనె పట్టించడం. కళ్లు మూసుకుని తుపాకి భుజానికి ఆనించుకునేవాడు. కళ్లు తెరిస్తే చూపు సరిగ్గా గొట్టం మీదుగా పోవాల. పోకపోతే మళ్లీ ఇంత చెక్క తీసేవాడు. అది తన ఒంటికి కుట్టిన చొక్కా మాదిరి ఉండాలని ఆశ.

పక్క చేనాయన మాకు దాయాది. తిన్నె ముందర నిలబడి నవ్వేవాడు. "ఏమప్పా, ఇంకా గీకతానే ఉండావా? నువ్వు ముగించేలోపల పందులు ముసలివై చచ్చిపోతాయి పో!" చిన్నాయన కూడా నవ్వేవాడు. అప్పటికి నవ్వులే.

ఆ దాయాది తన చేనికి పందులు రాకుండా బెల్లంలో విషం కలిపి పెట్టినాడు. తన గట్టు మీద కాదు, మా గట్టు మీద. మా చుక్కావు దాన్ని తినింది. నొసట తెల్లచుక్క ఉన్న ఆ ఆవుకి కుడితి పెట్టేది నేను, కొమ్ములకి పసుపు రాసేది నేను. అది నురగ కక్కి నా ముందరే పడిపోయింది. చూలు కాదు, పాలిచ్చే ఆవు. దాని దూడ మాత్రం ఏమీ తెలీక పొదుగు కోసం ముట్టెతో పొడుస్తా ఉండింది.

మేము అడగబోతే ఆ మనిషి ఏమన్నాడో ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది. "ఆవుని కట్టేసుకోవాల్సింది మీరు. నేను పెట్టినట్టు ఎవురు చూసినారు?" అన్నాడు. అంటా పుల్లతో పళ్లు కుట్టుకున్నాడు.

మా అవ్వకి కోపం రాలేదనుకోవద్దు. వీధిలో నిలబడి ఆయన తాతల దగ్గరనుంచి మొదలుపెట్టి తిట్టింది. తిట్టి తిట్టి గొంతు పోయినాక ఇంట్లోకి వచ్చి కాళ్లు కడుక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం చిన్నాయన ఫ్యాక్టరీ నుంచి వచ్చినాడు. దూడ అరుపు వీధి చివరే వినపడింటుంది. వస్తానే అటక మీది తుపాకి దించినాడు. ఎవరి మీదికో అడగాల్సిన పని లేదు. నాకు భయం వెయ్యలేదు, నిజం చెప్తున్నాను. పోనీ, పోయి కాల్చనీ అనే అనుకున్నాను.

తుపాకిలో బోల్టు లేదు. వెనక్కి లాగి, గుండు పెట్టి, ముందుకి తోసే ఆ ఇనుప ముక్క లేకపోతే అంత తుపాకీ ఒక కర్ర.

"అమ్మా, యాడ పెట్టినావు?"

"దేవుడింట్లో ఉంది. పోయి చూసుకో."

సామి పటానికి పసుపు గుడ్డ మూట వేలాడతా ఉండింది. అవ్వ ఆ బోల్టుని, ఒక నాణేన్ని కలిపి తిరుత్తణి సుబ్రమణ్యసామికి ముడుపు కట్టేసింది. ఆడికృత్తిక పండగకి కొండ మీద విప్పాల్సిన ముడుపు. చిన్నాయన గడప దగ్గరే ఆగిపోయినాడు. ఎంత కోపమొచ్చినా మా ఇళ్లల్లో సామి ముడుపు మీద చెయ్యి వేసే మొగోడు లేడు.

అవ్వ పెరట్లోకి పోయినాక నన్ను పిలిచినాడు. "నువ్వు చిన్నపిల్లవమ్మా. నీకు దోషం రాదు. విప్పి తెచ్చియ్యి. చుక్కావు నీది కదా!"

ఆ చివరి మాట చాలింది నాకు. పీట వేసుకుని ఎక్కినాను. ముడి మీద వేళ్లు పెట్టినాను. పసుపు వాసన, దాంట్లోనే తుపాకి నూనె వాసన.

వెనక అవ్వ నిలబడి ఉంది. కొడుతుందనుకున్నాను. ఆమె చేతిలోని చెంబు కిందపెట్టి, దీపం ఒత్తి ఎగదోసింది.

"విప్పేదుంటే విప్పు. నేను అడ్డం రాను. సామి సొమ్ము తీసుకుంటాండావు కదా, ఎందుకో సామికి చెప్పి తీసుకో. నోరు తెరిచి చెప్పు. నీ చెవికి వినపడాల."

ఇదెంత పని అనుకున్నాను. "సామీ, మా చిన్నాయన..." అన్నాను. మాట ఆగిపోయింది. "సామీ, ఆ పక్క చేనాయన్ని..." అన్నాను. మనసులో పొద్దుటినుంచి వందసార్లు అనుకున్న మాటే. దీపం ముందర నాలిక మడతపడిపోయింది. మళ్లీ నోరు తెరిస్తే, నేను అనుకోని మాట బయటికొచ్చింది.

"సామీ, మా చుక్క చచ్చిపోయింది."

అంతే. పీట మీదే ఏడుపు ముంచుకొచ్చింది. అవ్వ నన్ను దించుకుని, "ఆ మాట చెప్పుకోవచ్చు. ఎన్నిసార్లైనా చెప్పుకో" అనింది. తర్వాత గడప వైపు తిరిగి, "నువ్వూ రా నాయనా. వచ్చి చెప్పి విప్పుకో" అనింది.

చిన్నాయన పెదాలు కదిలినాయి. గడప మాత్రం దాటలేదు. "మీరూ మీ దేవుడూ!" అని అరిచి తుపాకిని తిన్నె మీద పారేసినాడు. అన్నాళ్లు రుద్దిన చెక్క మీద పెద్ద గాటు పడింది. అన్నం తినకుండా వెళ్లిపోయినాడు. అప్పటినుంచి అవ్వతో మాటలు లేవు.

ఆడికృత్తికకి మాత్రం పూలకావడి ఎత్తుకుని కొండెక్కినాడు. అవ్వ ముడుపు విప్పి, నాణెం హుండీలో వేసి, బోల్టు కొడుకు చేతిలో పెట్టింది. ఆ తుపాకి తర్వాత పందుల్నే కాల్చింది. చెక్క మీద గాటుని చిన్నాయన ఎప్పుడూ రుద్ది చెరపలేదు.

ఆ దాయాది చచ్చేదాకా ఒక్క మంచి మాట అనలేదు. క్షమించినానని నేను అబద్ధం చెప్పను. దేవుడు నాకు చాలా ఇచ్చినాడు, ఆ ఒక్కటి ఇంకా ఇవ్వలేదు. ఎవరి మీదైనా ఒళ్లు మండినప్పుడు ఇప్పటికీ దీపం ముందర నిలబడి నోరు తెరుస్తాను. చెయ్యాలనుకున్నది మాటగా రాకపోతే, ఆ పని వదిలేస్తాను. వచ్చిన మాటని మాత్రం పూర్తిగా చెప్పుకుంటాను. కొన్ని రోజులు, ఈ వయసులో కూడా, నోరు తెరిస్తే వచ్చేది ఆ ఆవు పేరే.