పడవ దిగని అవ్వ

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, బెంగుళూరు పీణ్యలో మా కంపెనీ క్యాంటీన్‌లో అన్నం కలుపుకుంటూ ఉండగా ఫోన్ వచ్చింది. "అమ్మ పోయింది. ఆస్పత్రి నించి ఇంటికి తీసకపోతా ఉండాము. నువ్వు రా" అంది అవతల అవ్వ కూతురు. అవ్వకు నేను బంధువును కాను. యలహంక పాత ఊళ్ళో ఒకే వఠారంలో, ఒకే గోడకు అటూ ఇటూ పన్నెండేళ్ళకు పైగా కాపురం ఉన్నాం, అంతే. అయినా ముద్ద నోట్లో పెట్టకుండానే లేచి వచ్చేశాను. చెయ్యి కడుక్కోలేదని బస్సెక్కాక గాని చూసుకోలేదు.

మా వఠారంలో ఆరు ఇళ్ళు, ఒక కొళాయి, వాకిలి మధ్యలో నేలలోకి తవ్వి కట్టిన నీళ్ళ సంపు. మేము మదనపల్లె వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్ళం. అవ్వది నెల్లూరు సముద్రపు వైపు. మార్కెట్టుకు పూలు కట్టి ఇచ్చేది. పెద్దకూతురు ఆమెతోనే ఉంటూ ఒక బడిలో ఆయా పనికి పోయేది. ఆమెనే నేను అక్కా అని పిలుస్తాను.

పెళ్ళయిన దగ్గర నుంచి పదేళ్ళు అవ్వ ఇల్లు ఒక తెరచాప పడవ. ఆమె భర్త ఉప్పు, సరుగుడు కట్టెలు నింపుకుని కాలవలో, ఉప్పుటేళ్ళలో మద్రాసు వైపు పడవ నడిపేవాడు. వంటా, పడకా, బిడ్డల్ని సాకడం అన్నీ దాని మీదే. ఇసక పోసిన రేకు డబ్బాలో పొయ్యి ఉండేదట. "బెంగుళూరికి వచ్చిన కొత్తలో నేల మీద పడుకుంటే నిద్ర పట్టేది కాదు అమ్మణ్ణీ. నేల ఊగదు గదా" అనేది. ఆ ముచ్చట్లు చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది. గాలివాన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆపేసి పూలబుట్టలోకి చూసేది.

ఆపినా, గాలి లేచిందంటే ఆమె మళ్ళీ పడవ మీదే ఉండేది. "గాలి లేస్తే మొదట పొయ్యి ఆర్పాల. ఆ తర్వాత బిడ్డల్ని చూడాల. తక్కింది మొగోళ్ళు చూసుకుంటారు" అనేది. ఎండాకాలం చివర్లో వానకు ముందు దుమ్ము లేచేసరికి ఆరిళ్ళలోకీ అడక్కుండా వచ్చి స్టవ్వులు ఆర్పేసేది. ఎసట్లో బియ్యం అప్పుడే పడ్డా సరే. వఠారంలో అందరూ నవ్వుకునేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నా నోరు అప్పుడూ మంచిది కాదు, ఇప్పుడూ కాదు.

"అవ్వా, ఇది యలహంక. పడవ కాదు" అన్నాను ఒకసారి.

"గాలికి తెలస్తాదా అమ్మణ్ణీ, ఇది ఏ ఊరో" అని తిరిగి వెళ్ళిపోయింది.

మా పాప పాకే వయసుకు వచ్చిన ఏడాది సంపు మూత తుప్పు పట్టి విరిగింది. ఓనరు రేపు రేపు అంటూ నెలలు గడిపాడు. నాకు ప్రాణం ప్రాణంలో లేదు. వంట చేసేటప్పుడు పాత చీర ముక్క పాప నడుముకు చుట్టి, రెండో కొస మంచం కోడుకు కట్టేసేదాన్ని. పిల్ల విప్పుకోకుండా గట్టిగా బిగించేదాన్ని. భలే ఉపాయం అనుకున్నాను.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు గాలి లేచింది. అవ్వ ఎప్పటిలాగే స్టవ్వు ఆర్పడానికి వచ్చి, ఆర్పి, వెనక్కి తిరిగి ఆ ముడి చూసింది. కింద కూలబడి విప్పబోయింది. ముడి రావడం లేదు. చివరికి పళ్ళతో కొరికి లాగింది. పాప కెవ్వుమంది. నేను పాపను గుంజుకుని, "సంపులో పడితే ఎవరు దిక్కు? నీ పిచ్చి నా బిడ్డ మీద చూపించొద్దు" అన్నాను. అన్నాను, నిజమే.

అవ్వ లేవలేదు. మంచం కోడు పట్టుకుని, అప్పటిదాకా వఠారంలో ఎవరికీ చెప్పని సంగతి అక్కడే చెప్పింది.

గాలి ముదిరితే పిల్లలను తెరచాప కొయ్య మొదట్లో తాడుతో కట్టడం పడవ మీద వాళ్ళందరి అలవాటు. లేకపోతే అల ఈడ్చుకుపోతుంది. కానీ అది ఒక్క చేత్తో లాగితే ఊడివచ్చే జారుముడి అయి ఉండాలి. పడవ ఒరిగి, చుక్కాని దగ్గరి మగవాడు 'విడువు' అని అరిచిన మరుక్షణం తల్లి తాడు లాగి పిల్లలను విడిపించుకోవాలి. అవ్వకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి మూడు. జారుముడి కొస లాగితే ఊడుతుందని చిన్నది కనిపెట్టింది. అది దానికి ఆట. ఆ రోజు పులికాట్ సరస్సు మధ్యలో పట్టపగలే గాలి కమ్ముకుంటే, రెండుసార్లు విప్పుకుని అంచుదాకా పరిగెత్తింది.

"మూడోసారి పీటముడి వేస్తి" అంది అవ్వ. "ఆయన విడువు అన్న్యాడు. పెద్దదాని తాడు లాగితే వచ్చేసింది. చిన్నదానిది రాల్యా. తడిసిన తాడు బిగుసుకుంటాది అమ్మణ్ణీ. గోళ్ళూడిపొయినా రాల్యా. పడవ తిరగబడిపొయ్యింది."

మిగిలిన ముగ్గురూ కట్టెలు పట్టుకుని తేలారు. సముద్రం లేని ఊరు ఏదని అడిగితే ఎవరో బెంగుళూరు అన్నారట. వచ్చేశారు. ఆయన ఇక్కడే నాలుగైదేళ్ళకు పోయాడు.

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి అవ్వ సంపు మీద చెక్కపలక వేసుకుని, దాని మీద పూలబుట్టతో కూర్చుని ఉంది. "కట్టొద్దు. నేను ఈడ్నే ఉంటా" అంది. ఓనరు ఇనప మూత వేయించేదాకా, దాదాపు మూడు నెలలు, నేను పనులు ముగించుకుని పాపను ఎత్తుకునే వరకూ అక్కడి నుంచి కదిలేది కాదు. వాన వస్తే నెత్తిన గోనెపట్ట. చెరువు గట్టు మీద నడవడానికే భయపడే మనిషి అడుగున నీళ్ళు పెట్టుకుని రోజంతా కూర్చునేది.

"నీకు భయం లేదా అవ్వా" అని అడిగాను.

"ఉండాది. అడుగున నీళ్ళు కదిలితే పిలిచినట్టుంటాది" అంది దారం తిప్పుతూనే.

ఎవరు పిలిచినట్టు అని నేను అడగలేదు. ఆ తర్వాత చాలా రోజులు సంపులోంచి నీళ్ళు తోడకుండా కొళాయి కింద బిందె పెట్టుకుని కాచుకునేదాన్ని. మా పాప ఇప్పుడు ఏడో తరగతి. అవ్వ దాన్ని ఎన్నడూ పేరుపెట్టి పిలవలేదు, 'చిన్నదానా' అనేది. నేనన్న ఆ పిచ్చి అనే మాటకు క్షమించమని ఎప్పుడూ అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను.

ఆ మంగళవారం నేను వెళ్ళేసరికి అవ్వను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. చివరింటి పెద్దావిడ పాత చీర అంచు చించి అక్కకు అందిస్తూ, "కూతురివి, నువ్వే కాళ్ళ బొటనవేళ్ళు కట్టమ్మా" అంది. అక్క అందుకోలేదు. నా చెయ్యి పట్టుకుని కొళాయి పక్కకు తీసుకుపోయింది.

"పడవ సంగతి నీకు చెప్పినట్టు మా యమ్మ అనింది. ముడి ఎవురు వేసినారని చెప్పింది నీకు?"

"తానే వేసినానని చెప్పింది."

"అమ్మ పడవలోకి వచ్చిన నీళ్ళు తోడతా ఉన్నింది. చెల్లెల్ని చూసుకోమని నాకు చెప్పింది. ముడి నేనేసినా."

"అవ్వకు తెలుసా?"

"తాడు పట్టుకున్నప్పుడే తెలిసింటాది. మా నాయనతో కూడా తానే వేసినానని చెప్పింది. నన్ను ఒక్క మాట అడగలే. నా చేతికి మళ్ళా దారం గూడా ఇయ్యలే. పూలు కట్టేది దానికి చేతగాదులే అని అందరికీ చెప్పేది. నేనూ చెప్పలే, ఆమె బతికుండంగా."

పెద్దావిడ మళ్ళీ పిలిచింది. అక్కకు బదులు నేను కడదామని చెయ్యి చాపాను. అక్క నా చెయ్యి పక్కకు తోసి, ఆ గుడ్డపేలిక తానే తీసుకుని అవ్వ కాళ్ళ దగ్గర, మా అందరికీ వీపు పెట్టి కూర్చుంది. చాలాసేపు పట్టింది. అయిందా అమ్మా అని ఎవరో అడిగారు. అయిందని తల ఊపింది గాని, బొటనవేళ్ళను కలిపి పట్టుకున్న చేతులు మాత్రం ఆ పాదాల మీద నుంచి తీయలేదు.