పియానో వెనుక దీపం

డార్లీన్ పెల్కీ వంటింటి గోడకు పద్నాలుగు మేకులున్నాయి. ఒక్కో మేకుకు ఒక తాళంచెవి. అన్నీ సరస్సు ఒడ్డున ఉన్న వేసవి ఇళ్లవి. సెప్టెంబరు దాటగానే సొంతదారులు బోస్టన్ వైపు వెళ్లిపోతారు. అప్పటినుంచి మే నెల దాకా ఆ ఇళ్లు చూసుకునేది ఆవిడే. అంతకుముందు వాళ్ల నాన్న చూసేవాడు. మేకులు కొట్టింది ఆయనే.

చలికాలమంతా ఆ ఇళ్లలో సన్నగా వేడి నడుస్తూ ఉండాలి. అది ఆగితే గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి, గొట్టాలు పగులుతాయి. నాన్న కాలంలో ప్రతి ఇంట్లోనూ సరస్సు వైపు కిటికీలో ఒక దీపం ఉండేది. ఇల్లు వెచ్చగా ఉన్నంతకాలం వెలుగుతుంది, చల్లబడితే దానంతటదే ఆరిపోతుంది. గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టేవాళ్లు సాయంత్రం ఇళ్లకు వెళ్తూ, ఆరిన కిటికీ కనిపిస్తే వచ్చి చెప్పేవారు. చెప్పమని వాళ్లను ఎవరూ అడగలేదు.

రెండేళ్ల కిందట ఇళ్లలోకి కొత్త పరికరాలు వచ్చాయి. వేడి ఎంతుందో, తలుపు తెరుచుకుందో, సింకు కింద తడి ఉందో అవి కనిపెట్టి డార్లీన్ ఫోన్‌లోని ఏఐ సహాయకుడికి పంపుతాయి. అది ఆవిడకు చెబుతుంది. ఆవిడకు యాభై ఎనిమిదేళ్లు, కుడి మోకాలు అరిగింది. మోకాలి లోతు మంచులో పద్నాలుగు ఇళ్లు తిరగడం తప్పినందుకు సంతోషించింది. దీపాలు ఒక్కొక్కటే తీసి అట్టపెట్టెలో పెట్టింది. ఆల్డ్రిచ్ గారింట్లోది మాత్రం మిగిలిపోయింది. దాని ప్లగ్గు పెద్ద పియానో వెనుక ఉంది, పియానో జరపడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

మొన్న శరదృతువులో మిసెస్ ఆల్డ్రిచ్ ఫోన్ చేసింది.

“నిన్ను కాదనడం లేదు డార్లీన్. యంత్రమే కబురు పెడుతుంటే మధ్యలో మనిషెందుకని మా అల్లుడు ఒకటే పోరు. ఈ చలికాలం చూస్తాను.”

“చూడండి,” అంది డార్లీన్. ఇరవై రెండేళ్లుగా చూస్తున్న ఇల్లది.

డిసెంబరులో ఫోన్ ఊపిరాడనివ్వలేదు. ఎలుక కదిలితే కబురు, గాలికి తలుపు అదిరితే కబురు. ఒకరోజు నలభై ఒకటి వచ్చాయి. డార్లీన్ రొట్టెపిండి చేతులతోనే ఫోన్ మీద కసురుకుంది. “ఏదైనా మారితేనే చెప్పు. మారకపోతే నన్ను విసిగించకు.” అది సరేనంది. మర్నాటి నుంచి పొద్దున్నే ఒకే వాక్యం వచ్చేది: పద్నాలుగు ఇళ్లు, మార్పేమీ లేదు. ఆవిడ కాఫీ తాగుతూ అది చదివి ఫోన్ పక్కన పెట్టేది.

జనవరిలో పెద్ద మంచు పడింది. గురువారం సాయంత్రం నాలుగున్నరకు వాకిట్లో మంచు మీద నడిచే మోటారుబండి ఆగింది. వెర్లిన్ హాస్కెల్. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, సరస్సు మీద చెక్కగుడిసె వేసుకుని రోజూ చేపలు పడతాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“ఆల్డ్రిచ్ వాళ్ల కిటికీ చీకటిగా ఉంది. ఆ దీపం కూడా పీకేశావా ఏంటమ్మాయ్?”

“లేదే. ఎప్పట్నుంచి?”

“నిన్న మంచులో ఏమీ కనిపించలేదు. ఇవాళ చూశాను.”

“మీరింకా ఆ కిటికీలు చూస్తున్నారా?”

“మానెయ్యమని నాకెవరు చెప్పారు?”

డార్లీన్ ఫోన్ తీసింది. “ఆల్డ్రిచ్ ఇంట్లో వేడి ఎంతుంది?”

“యాభై ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్.”

“ఎప్పటి లెక్క అది?”

“మంగళవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలది. ఆ తర్వాత ఆ ఇంటినుంచి ఏమీ రాలేదు.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మారితేనే చెప్పమన్నారు.”

వెర్లిన్ నవ్వాడు. “మా ఆవిడ వద్దన్నా అన్నీ చెప్పేసేది పాపం. బండి ఎక్కు, మోకాలు జాగ్రత్త.”

వెళ్లి చూస్తే, విరిగిన స్ప్రూస్ చెట్టు కొమ్మ ఒకటి ఆ ఇంటికి వెళ్లే కరెంటు తీగను తెంపేసింది. ఇంటిని వెచ్చగా ఉంచే బాయిలర్ ఆగింది, పరికరాలు మూగబోయాయి. లోపల గోడమీది పాత థర్మామీటరు ముప్పై నాలుగు చూపిస్తోంది. ఇంకో రెండు దిగితే నీళ్లు గడ్డే. డార్లీన్ నేలమాళిగలోకి దిగి నీళ్లు కట్టేసింది. వెర్లిన్ కుళాయిలన్నీ తిప్పి గొట్టాలు ఖాళీ చేశాడు. ఉత్తరపు గోడలోని గొట్టం ఒకటి వంపు దగ్గర అప్పటికే చీలింది. మిగతావన్నీ దక్కాయి. కరెంటువాళ్లు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చారు.

శుక్రవారం సాయంత్రం, మిసెస్ ఆల్డ్రిచ్‌కు ఉత్తరం రాయమని డార్లీన్ సహాయకుణ్ణి అడిగింది. అది రాసి చూపించింది: “కరెంటు పోయిన సంగతి గుర్తించి, వెంటనే తగిన చర్యలు తీసుకున్నాం.” తప్పు పట్టడానికి లేదు. డార్లీన్ దాన్ని రెండుసార్లు చదివి తీసేసింది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం తనే నొక్కింది.

“రెండు రోజులు కరెంటు లేదు. నాకు తెలియలేదు. మారితేనే చెప్పమని నేనే దానికి చెప్పాను, తప్పు నాది. కిటికీలో దీపం ఆరిపోవడం వెర్లిన్ హాస్కెల్ చూశాడు. ఒక గొట్టం చీలింది. మీరు వేరేవాళ్లను పెట్టుకుంటానంటే తాళంచెవి పోస్టులో పంపుతాను.”

శనివారం గడిచింది. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఫోన్‌లో జవాబు ఉంది.

“మా అల్లుడికి చదివి వినిపించాను. దీపమేంటని అడిగాడు, చెప్పడానికి చాలాసేపు పట్టింది. తాళంచెవి నీ దగ్గరే ఉండనీ. ఆ దీపం తియ్యకు.”

డార్లీన్ కోటు విప్పలేదు. “గంటసేపు ఏ ఇల్లయినా మాట్లాడకపోతే అన్నిటికంటే ముందు అది చెప్పు,” అని ఫోన్‌కు చెప్పింది. తర్వాత అట్టపెట్టె దించి దీపాలు ఒక్కొక్కటే తుడిచింది. వాటిని తిరిగి కిటికీల్లో పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం సరస్సు మీదనుంచి వెర్లిన్ ఫోన్ చేశాడు.

“పదమూడే వెలుగుతున్నాయి.”

“ఒకదానికి బల్బు మాడిపోయింది. రేపు తెస్తాను.”

“సరే,” అని పెట్టేశాడు.